బిళ్ళ పచ్చగా ఉండాది

కర్నూలులో ఒక విత్తనాల కంపెనీలో ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్ల బాగోగులు చూసి రిటైరయ్యాను. పేరుకు సిస్టమ్స్ మేనేజర్ని గానీ, చివరి పదిహేనేళ్ళూ నేను చేసిన అసలు పని అనుమానించడం. ఎవరు ఏ పెన్ డ్రైవ్ తెచ్చారు, ఎవరి మెయిల్‌కు ఏ చెత్త వచ్చింది, ఎవరు పాస్‌వర్డ్ చీటీ రాసి కీబోర్డు కింద దాచారు, ఇవన్నీ కనిపెట్టడానికే నాకు జీతం. ఆ బుద్ధి ఇంటిదాకా వచ్చింది. తారీఖు చూడకుండా పాలప్యాకెట్టు కత్తిరించనివ్వనని నా భార్య ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్విస్తుంది. ఈయన ముందుకు దేవుడు వచ్చినా ఆధార్ కార్డు పట్టుకుని రావాల్సిందే అంటుంది.

ఇప్పుడు ఇదే పనిలో ఉన్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. పాత కంప్యూటర్లు, వాటిలో అంతకంటే పాత యాంటీవైరస్, కొత్తది కొనమంటే వచ్చే ఏడు చూద్దామనే యజమానులు. వాళ్ళ గోడు వింటుంటే నా గోడు నేనే వింటున్నట్టుంటుంది. వాళ్ళ కోసమే ఈ సంగతి రాస్తున్నాను. ఇందులో నేను ఘనంగా చేసిందేమీ లేదు. నా అనుమానం వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది, అంతే.

మా హెడ్డాఫీసు కర్నూలులో. విత్తనాలు శుద్ధి చేసే ప్లాంటు కడప రోడ్డులో. ఇవి కాక రైతుల దగ్గర సరుకు తీసుకునే కేంద్రాలు పదకొండు ఉండేవి. కేంద్రం అంటే పెద్ద ఊహించుకోకండి. బండిని సరుకుతో సహా తూచే కాటా ఒకటి, దాని పక్కన రేకుల గది, గదిలో ఒక కంప్యూటరు. కాటా మీది బరువును ఆ కంప్యూటరులోకి తెచ్చే ప్రోగ్రాము ఎప్పుడో ఒకాయన రాసి ఇచ్చి వెళ్ళాడు. ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. ఆ ప్రోగ్రాము పాత విండోస్ మీద తప్ప నడవదు. మేం యాంటీవైరస్ కొత్త వెర్షన్ తెచ్చుకున్నప్పుడు అది ఈ పదకొండు కంప్యూటర్లలో కూర్చోనంది. ఇక చేసేదేముంది, అన్నిటికీ కొత్తది, వీటికి మాత్రం పాతది. అమ్మినవాళ్ళ లెక్కలో ఆ పాత వెర్షన్ ఎప్పుడో పదవీ విరమణ చేసింది. మా దగ్గర మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది. కొత్త వైరస్‌ల జాబితా ఒక్కటి మాత్రం వాళ్ళు దయతలచి పంపేవారు. దాన్ని నేను సర్వరులో ఒక ఫోల్డరులో పెట్టేవాణ్ణి, ఈ పదకొండూ రోజూ అక్కడికి వచ్చి తెచ్చుకునేవి.

చిక్కు ఎక్కడంటే, మిగతా కంప్యూటర్లన్నీ క్షేమమో కాదో హెడ్డాఫీసులో నా తెర మీద కనిపించేది. ఈ పదకొండూ కనిపించవు. కళ్ళకు కనిపించనిది ఉంటే నాకు నిద్రపట్టదు. అందుకని సోమవారం ఫోన్లు మొదలుపెట్టాను. ఆ యాంటీవైరస్‌కు తెర మూలన చిన్న డాలు బొమ్మ ఉండేది. మావాళ్ళు దాన్ని బిళ్ళ అనేవారు. దాని రంగును బట్టి సంగతి తెలుస్తుంది. ప్రతి కేంద్రానికీ నా సంతకంతో ఒక సర్క్యులర్ పంపాను, గోడకు అంటించమని. రోజూ బిళ్ళ చూసి రిజిస్టరులో రాయాలి, సోమవారం పది గంటలకు నేను ఫోన్ చేస్తే చెప్పాలి.

"బిళ్ళ ఎట్లుండాదప్పా?" అని నేను.

"పచ్చగా ఉండాది సార్" అని అవతల.

నా నోటుబుక్కులో ఒక టిక్కు. పదకొండు ఫోన్లు, పదకొండు టిక్కులు. అరగంటలో అయిపోయేది.

కోడుమూరు కేంద్రంలో గుమాస్తా మాత్రం అరగంటను ముప్పావుగంట చేసేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి. నాలుగెకరాల మెట్ట ఉంది, అది ఏడిపించి ఏడిపించి ఇతన్ని మా దగ్గరికి తోలింది. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీదే. బిళ్ళ సంగతి అడిగితే వాన సంగతి కూడా చెప్పందే ఫోన్ పెట్టడు. "పచ్చగా ఉండాది సార్. వాన మాత్రం ల్యా. మొగులు పట్టినట్లే పట్టి పాయ. కర్నూల్లో పడ్యనా సార్?" కర్నూలులో పడిందో లేదో నేను కిటికీలోంచి చూసి చెప్పేదాకా వదిలేవాడు కాదు. అడగనిది ఇంత చెప్పేవాడు అడిగిందాంట్లో ఏదో దాస్తున్నాడని నాకు మొదటినుంచీ ఒక కన్ను అతని మీద ఉండేది.

విత్తనపు పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున, కోడుమూరు కంప్యూటరులో ఫైళ్ళు తెరుచుకోవడం మానేశాయి. పేర్లు మారిపోయాయి. తెర మీద ఇంగ్లీషులో బెదిరింపు చీటీ ఒకటి వచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. అన్ని కేంద్రాల తూకం చీటీలూ వచ్చి చేరే ఫోల్డరు ప్లాంటులో ఉంది. కోడుమూరు నుంచి ఆ వైరస్ పాకి దానికి కూడా తాళం వేసేసింది. పదకొండు చోట్లా కాటాలు ఆగాయి. మూడు రోజులు ఆగాయి. కోడుమూరు రోడ్డు మీద ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. రైతులు ట్రాలీల నీడన కూర్చుని మా కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్లలో న్యాయం ఉంది.

యజమాని తమ్ముడు మా కొనుగోళ్ళు చూసేవాడు. ఆఫీసులో అందరం ఆయన్ని చిన్నాయన అనే పిలిచేవాళ్ళం. నా గదిలోకి వచ్చి కూర్చోకుండానే అడిగాడు, "ఎవరప్పా ఈ పని చేసింది?" అని. ఏం జరిగిందని అడిగితే నేను తడుముకునేవాణ్ణేమో. ఎవరు అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు అలవాటైన ప్రశ్న.

జీపులో కోడుమూరు వెళ్ళాను. గుమాస్తా కాటా గది ముందు నిలబడి ఉన్నాడు. కంప్యూటరు అప్పటికే ఆపేయించాను.

"దీంట్లో పెన్ డ్రైవ్ పెట్టినావా?" అన్నాను, పలకరింపు కూడా లేకుండా.

"పెట్టినా సార్. లారీ సూపర్‌వైజరు వేబిల్లు ప్రింటు కావాలన్యాడు. ఎప్పుడూ పెడ్తాంటాం గద సార్. బిళ్ళ పచ్చగా ఉన్యాది గదా అని పెట్టినా."

అందులో అబద్ధం లేదు. పెన్ డ్రైవ్‌లు అన్ని కేంద్రాల్లోనూ పెట్టేవారు. వద్దని నేనెంత మొత్తుకున్నా సూపర్‌వైజర్ల ప్రింట్లు ఆగేవి కావు. దొంగసరుకు వస్తే యాంటీవైరస్ పట్టుకునేది. ఇక్కడ ఎందుకు పట్టుకోలేదన్నదే నా ప్రశ్న.

డిస్కు ఊడదీసుకుని కర్నూలు తెచ్చి నా కంప్యూటరుకు తగిలించి చూశాను. ఆ వైరస్ పాతదే, జాబితాలోకి ఎక్కి నాలుగు నెలలైంది. కోడుమూరులో ఉన్న జాబితా ఏడు నెలల కిందటిది. ఏడు నెలలుగా కొత్త జాబితా తెచ్చుకోలేదంటే ఆ బిళ్ళ పసుపు రంగులో ఉండి తీరాలి. పాతబడితే పసుపు, అది దాని నియమం. నా నోటుబుక్కు తీశాను. ఏడు నెలల సోమవారాలూ కోడుమూరు ఎదురుగా టిక్కులు. వెంట తెచ్చుకున్న అతని రిజిస్టరు తీశాను. గుండ్రటి అక్షరాలతో ప్రతి రోజూ ఒకటే మాట: బిళ్ళ పచ్చ. బిళ్ళ పచ్చ. బిళ్ళ పచ్చ.

ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. చూడకుండానే రాసుకుంటూ పోయాడు, నాతో వాన కబుర్లు చెప్పి కాలం గడిపాడు, నేననుకున్నదే నిజమైంది అని లోపల చంకలు గుద్దుకున్నాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళి అతని మొహం మీదే చెప్పాను.

"బిళ్ళ ఏడు నెల్లుగా పచ్చగా ల్యాదప్పా."

"ఉండాది సార్. దినామూ చూస్తాండా."

"నా కండ్లతో చూసినా డిస్కు. అబద్ధాలు చెప్పొద్దు."

అతను నా మొహంలోకి చూశాడు. ఇంకేదో చెప్పబోయి మానుకున్నాడు. అంత మాటకారి మనిషి నోరు మూసుకునేసరికి నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది. కేంద్రంలో హమాలీలను పక్కకు పిలిచి ఆరా తీశాను. ఇతని బామ్మర్ది ఒకడు మా పోటీ కంపెనీలో పనిచేస్తాడని తెలిసింది. ఏం పనో కూడా తెలిసింది, గేటు దగ్గర వాచ్‌మన్. అయినా రిపోర్టులో రాశాను. 'సదరు గుమాస్తా ఏడు నెలలుగా తప్పుడు సమాచారం ఇచ్చాడు. ఇతని దగ్గరి బంధువు పోటీ సంస్థలో ఉద్యోగి అని తెలియవచ్చింది.' వాచ్‌మన్ అన్న మాట రాయలేదు. ఉద్యోగి అంటే బరువుగా ఉంటుందనిపించింది.

చిన్నాయన ఆ రోజే తీసేయమన్నాడు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మా పర్సనల్ మేనేజరు కాగితం లేనిదే గాలి కూడా పీల్చని మనిషి. కాంట్రాక్టు వాడైనా విచారణ జరిపి, మాటలు టైపు చేయించి, సంతకాలు తీసుకుని పంపుదామన్నాడు. ఆ కాగితాల పిచ్చికి నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

విచారణ హెడ్డాఫీసు మేడ మీద గదిలో. పర్సనల్ మేనేజరు, చిన్నాయన, నేను. ఒక పక్కన టైపు చేయడానికి మా ఆఫీసులో పదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె. గుమాస్తా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో ఒక కవరు. అందులోంచి మడత పడకుండా ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. గోడ మీదినుంచి జాగ్రత్తగా ఊడదీసుకొచ్చిన నా సర్క్యులర్. మూలలకు సున్నం పెళ్ళలు అంటుకునే ఉన్నాయి.

"సారు రాసిందే సార్. దీని పెకారమే చేసినా" అన్నాడు.

పర్సనల్ మేనేజరు దాన్ని చదవకుండానే ఫైల్లో పెట్టి మొదలుపెట్టాడు.

"సోమవారం సోమవారం ఏం చెప్పినావు?"

"పచ్చగా ఉండాదని చెప్పినా సార్."

"చూసి చెప్పినావా, చూడకుండా చెప్పినావా?"

"చూడకుండా ఎట్ల చెప్తా సార్? పొద్దున్నే గది తీస్తానే ముందర ఆ బిళ్ళనే చూస్తా. శుక్రారం నాడు మా ఇంట్లో గడపకు పూస్తారే, అట్ల పచ్చగా మెరుస్తాంటాది. మొదట్లో ఆకు మాదిరి ఉండ్య. ఏడెనిమిది నెల్ల కిందట శానా పచ్చబడ్య. ఇంగా మంచిగైందనుకున్యా."

టైపు చప్పుడు ఆగింది. ఆమె తలెత్తి, "సార్, పచ్చ అని కొట్టనా, పసుపు అని కొట్టనా?" అంది.

"ఆయన ఏమంటే అది కొట్టమ్మా" అన్నాడు పర్సనల్ మేనేజరు, వాచీ చూసుకుంటూ.

ఆమె ఒక్కసారి నా వైపు చూసి, పచ్చ అని కొట్టింది.

పచ్చగడ్డిలో పచ్చ ఏ రంగు? పచ్చకామెర్లలో పచ్చ ఏ రంగు? మా అమ్మ పచ్చ చీర తీసుకురమ్మంటే పెట్టె తెరిచి, ఆకుపచ్చదా పసుపుపచ్చదా అని చిన్నప్పుడు వెయ్యిసార్లు అరిచి అడిగి ఉంటాను. ఆ మాట వింటూ పెరిగి, దాంతోనే సర్క్యులర్ రాసి పదకొండు గోడలకు అంటించాను. ఫైల్లోంచి ఆ కాగితాన్ని లాక్కుని చదివాను. 'బిళ్ళ పచ్చగా ఉంటే క్షేమం. ఎర్రగా ఉంటే వెంటనే ఫోన్ చేయవలెను.' పసుపు రంగు ఊసే లేదు. కింద నా సంతకం ఠీవిగా ఉంది.

ఇంకోటి కూడా అప్పుడే గుర్తొచ్చింది, అది ఇంకా పాడు సంగతి. ఏడు నెలల కిందట నేను సర్వరు మార్చాను. కొత్త సర్వరు పేరు పాత కంప్యూటర్లలో ఒక్కొక్కదాంట్లో చేత్తో నమోదు చేయాలి. ఎవరెవరికి అవసరమో వాళ్ళే చెబుతారులే అని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి పది కేంద్రాలవాళ్ళు బిళ్ళ పసుపు రంగుకు తిరిగిందని చెప్పారు. వెళ్ళి సరిచేసి వచ్చాను. కోడుమూరు మాత్రం పచ్చగా ఉండాది అంది. పది చోట్ల తెగిన దారి పదకొండో చోట దానంతటదే ఎలా అతుక్కుంటుంది? ఇంకెవరైనా ఈ మాట చెబితే పది ప్రశ్నలు వేసేవాణ్ణి. ఎండాకాలం, జీపు లేదు, ఒక ప్రయాణం తప్పింది కదా అని నోటుబుక్కులో టిక్కు పెట్టుకున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో అనుమానించాల్సిన ఒక్క చోట నేను అనుమానించలేదు.

భోజనాల వేళ అయింది. చిన్నాయన లేస్తూ, "తేలిపోయింది కదా. ఎట్లుండాల్నో కూడా తెలీకుండా వాగుతాండాడు. మధ్యాన్నం ఆర్డరు కొట్టించండి" అన్నాడు.

నేను కిందికి దిగాను. మెట్ల కింద బల్ల మీద గుమాస్తా టిఫిను విప్పుకుని కూర్చున్నాడు. జొన్నరొట్టె, వంకాయ కూర. నన్ను చూసి లేవబోయి, సగం రొట్టె తుంచి చాపాడు. "తినండి సార్." నేను వద్దన్నాను. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి వెనక్కి తీసుకున్నాడు.

"ఒగ మాట అడుగుతా సార్. నేను చూసుకోల్యాదని రాసినారు, సరే. మా బామ్మర్దిని యాల రాసినారు సార్? వాడు గేటు తీసి గేటు మూసేటోడు. వానికి కంప్యూటరంటే తెల్దు."

దేనికి రాశానో నాకు తెలుసు, అది అతనికి చెప్పే రకం కాదు.

మధ్యాహ్నం నేను నోరు విప్పాను. మంచితనంతో విప్పానని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, టైపు చేసే ఆమె నా వైపు చూసిన చూపు కూడా నా మెడ మీద కూర్చుని ఉంది. ఆమెకు అర్థమైందేమో, నేను చెప్పకపోతే ఆమె చెబుతుందేమో అన్న భయం ఎంత, న్యాయం ఎంత అని ఇన్నేళ్ళుగా తూచుకుంటున్నాను. ఏ కాటా మీదా ఆ బరువు సరిగ్గా తేలలేదు. నా గురించి నేను కూడా అనుమానంగానే ఉంటాను.

"తప్పు ఇతనిది కాదు, నాది" అని మొదలుపెట్టి సర్క్యులర్ సంగతి, సర్వరు సంగతి, రెండూ చెప్పాను. బామ్మర్ది వాచ్‌మన్ అన్న సంగతి కూడా చెప్పాను.

చిన్నాయన నమ్మలేదు. గుమాస్తాను కాపాడుతున్నానేమో అని నా మీదే అనుమానపడ్డాడు. "పచ్చ అంటే పచ్చే గదా, ఎవర్నన్నా అడుగు" అన్నాడు. గోడ పక్కన ర్యాకులో ఫైళ్ళు రంగురంగుల అట్టలతో ఉన్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరును పిలిచి, "ఆ పచ్చ ఫైలు ఇట్ల తే" అన్నాడు.

అటెండరు ర్యాకు ముందుకు వెళ్ళి, చెయ్యి చాపి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఏ పచ్చ సార్? ఆకుపచ్చదా, పసుపుపచ్చదా?"

టైపు చేసే ఆమె తల వంచుకుంది, నవ్వు ఆపుకోవడానికి అనుకుంటాను. చిన్నాయన నా వైపు తిరిగి, "ఆ పని ఏండ్ల తరబడి చేస్తాండావు. ఏ పచ్చ అని ఒగ్గసారి అడగల్లని తోచలేదా నీకు?" అన్నాడు. తోచలేదన్నాను. ఆర్డరు ఆగింది. గుమాస్తా ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది. దాన్ని ఇంకా దాచుకున్నాను.

ఆ వారమే కొత్త సర్క్యులర్ చేశాను. ఈసారి మాటలు నమ్మలేదు. కాగితం మీద ఆకుపచ్చ ముక్క, పసుపు ముక్క, ఎర్ర ముక్క అంటించి, ఏది క్షేమమో ఏది కాదో పక్కన రాసి, పదకొండు చోట్లకూ నేనే వెళ్ళి గోడకు అంటించి వచ్చాను. పిల్లలూ, మీరు ఇప్పుడు వాడే సరుకు ఎంత కొత్తదైనా, అవతలివాడు సరే అన్నప్పుడు ఆ సరే ఏ రంగుదో ఒక్కసారి అడగండి.

సోమవారం వచ్చింది. పది గంటలకు కోడుమూరుకు ఫోన్ చేశాను.

"బిళ్ళ ఏ రంగులో ఉండాదప్పా?"

"ఆకుపచ్చ సార్."

టిక్కు పెట్టి, వాన సంగతి వస్తుందని ఒక నిమిషం ఆగాను. అటువైపు అతనూ ఆగాడు.

"సార్, మీరేం రాసుకున్యారో ఒగసారి చదవండి."

నేను చదివాను. కోడుమూరు, బిళ్ళ, ఆకుపచ్చ. విన్నాడు. "సరే సార్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా రెండేళ్ళు ప్రతి సోమవారం అలాగే జరిగింది. అతను రంగు చెప్పేవాడు, నేను రాసింది చదివి వినిపించేవాణ్ణి, అతను సరే అనేవాడు. నా ఆఖరి సోమవారం నాడు కూడా చదివాను. రిటైరవుతున్నానని చెప్పాను. మంచిది సార్ అన్నాడు. ఆ రోజు కర్నూలులో పొద్దుటినుంచీ మంచి వాన. కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కోడుమూరులో పడిందో లేదో అతను చెప్పలేదు.